మార్కుల పట్టీ

డులూత్‌లో ఏప్రిల్ వచ్చినా మంచు పోలేదు.
బర్గ్‌స్ట్రమ్ టీచరు తలుపు మీద కాగితం అతికించింది:
హాజరుకి ముప్పై, నల్లబూట్లకి ఐదు,
పెన్సిలు తెచ్చుకుంటే ఐదు,
స్వరశుద్ధికి ఇరవై,
కచేరీకి రాకపోతే నలభై గల్లంతు.
పక్కవాణ్ణి వినడానికి ఎన్నో
రాయడం మరిచింది.

పియానో ముందు కూచుని నేను చూస్తుంటాను.
వెనక వరసలో ఐనో లాహ్టి.
డిసెంబరులో గొంతు బొంగురుపోయింది వాడికి,
తారస్థాయి పోయింది, మంద్రం ఇంకా రాలేదు.
పెదవులు కదుపుతాడు, అంతే.
కానీ పాట మధ్యలో అందరూ ఊపిరి మరిచే చోట
వీడి భుజం కాస్త లేస్తుంది,
అది చూసి వరసంతా గాలి పీల్చుకుంటుంది.

పరీక్ష రోజు ఒక్కడే నిలబడ్డాడు.
శ్రుతి ఇచ్చాను.
వాడు నోరు తెరిచాడు, ఏమీ రాలేదు.
మళ్లీ ఇచ్చాను.
అప్పుడే రేవులో ఇనుపరాయి ఓడ కూత వేసింది.
వాడు దాన్నే అందుకున్నాడు,
గరగరగా, ఒకే ఒక్క స్వరం,
కిటికీ అద్దం సన్నగా వణికేదాకా.
అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

స్వరశుద్ధి గడి మీద టీచరు పెన్ను ఆగిపోయింది,
చాలాసేపు.
తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది:
"ఓడ ఏ శ్రుతిలో కూసింది?"