ఆవుకు చోటు లేదు

మైనస్ నలభై బయట.
తలుపు మీది దుప్పటి చెక్కలా బిగుసుకుంది.
లోపల, పొయ్యి చుట్టూ మా గుడారం కొలత
ఎన్‌గూన్ అడుగుల్లో ఇరవై రెండు.
తన భాషలో:
"పది, ఇంకో పది, మిగతాది రెండు."

నాలుగేళ్ళు దానికి.
చిన్నపిల్లల బడి ఎనభై కిలోమీటర్ల అవతల,
దారేమో మంచు కింద ఎక్కడో.
అందుకని మా అత్తయ్య దూల్మా
పెట్టె అడుగునుంచి తోలు సంచి తీసి
ఫెల్టు పరుపు మీద బోర్లించింది.
గలగలమని
గొర్రెల మడమ ఎముకలు.
మూడు తరాల వేళ్ళు తోమి తోమి
తేనెరంగు తేలినవి.

"ఇదిగో నీ మంద. కాసుకో."

గుండ్రటి వీపు పైకొస్తే గొర్రె,
గుంట పైకొస్తే మేక.
సన్నటి పక్క మీద నిలబడటానికి తంటాలు పడేది గుర్రం.
దానికి అవతలి వైపు ఒంటె.
ఒంటె ఎప్పుడూ ఒంటిదే.
గుప్పెళ్ళకు గుప్పెళ్ళు విసిరితే ఒక్కటి వస్తుంది,
వచ్చినా అలిగొచ్చినట్టే ఉంటుంది.
"దాన్ని పిలవకు" అంటుంది ఎన్‌గూన్,
"పిలిస్తే రాదు."

గొర్రెను గొర్రెతోనే కొట్టాలి, మేకను మేకతోనే.
పొరపాటున పక్కదాన్ని తాకితే వంతు పోతుంది.
నానమ్మ వేలు తగిలినా తగల్లేదంటుంది,
మనవరాలు తగిలిందంటుంది.
ఇద్దరి మధ్య టీ చల్లారి మీగడ కడుతుంది.

నిన్న పొయ్యి పక్కన కట్టేసిన గొర్రెపిల్లను
బోర్లా పడుకోబెట్టి తోక కొలిచింది.
గొర్రె తోక బెత్తెడంటారు కదా,
ఎవరి బెత్తో ఎవరూ చెప్పరు.
తన బెత్తతో ఒకటిన్నర వచ్చింది.
ఆ సగాన్ని ఏమనాలో తెలియక
"ఒకటీ, కొంచెం సిగ్గూ" అంది.

సాయంత్రం నేను లెక్కల పుస్తకం తీశాను.
శరదృతువులో మూడు వందల పన్నెండు.
ఇవాళ్టికి రెండు వందల అరవై ఎనిమిది.
కార్యాలయానికి పంపాల్సిన కాగితం.
పెన్సిల్ నాలుక మీద తడిపి ఆగాను.

"ఎన్ని తగ్గాయి?"
"కొన్ని."
"కొన్ని అంటే ఎంత? అది అంకె కాదు."
అత్తయ్య తలెత్తకుండానే:
"కాకిలెక్కలు చెప్పకు దానికి."

నేను చెప్పేలోపే అది ఎముకల్ని జతలు పేర్చింది.
ఒక్కో గొర్రెకు వెనక కాళ్ళు రెండు,
రెండు కాళ్ళకు ఇవి రెండు.
నానమ్మ ఎప్పుడో చెప్పిందట.
పదిహేను జతలయ్యాయి.
ఒక ఎముక మిగిలింది.
దాన్ని దీపం దగ్గరకు పట్టుకుని చూసింది.
"దీని గొర్రె కుంటుతోందా, అమ్మా?"

కుంటడం లేదని ఎలా చెప్పను?
ఎక్కడో కుంటుతూనే ఉంటుందని ఎలా చెప్పను?
నలభై నాలుగు, అన్నాను.
తల ఊపింది, అదేదో చిన్న అంకె అయినట్టు.
వేళ్ళు చాలవు, కాలివేళ్ళూ చాలవు,
నానమ్మవీ కలిపితే నలభై,
ఇంకో నాలుగు గొర్రెపిల్ల కాళ్ళు.
అంతే, సరిపోయాయి.

అప్పుడు అడిగింది:
"ఆవెక్కడ?"

మాకు మందలు అయిదు రకాలు,
ఎముకకు ముఖాలు నాలుగే.
అత్తయ్య డెబ్బై ఏళ్ళుగా ఆడుతోంది,
ఈ ప్రశ్న ఎన్నడూ తగల్లేదు.
ఎముకను ఇటు తిప్పింది, అటు తిప్పింది,
కొనమీద నిలబెట్టబోయింది. పడిపోయింది.
"ఆవుకు చోటు లేదే" అంది, నేరం తనదైనట్టు.

తెల్లారి పాలకు వెళ్ళబోతే
నా కోటుకు పైబొత్తం లేదు.
గుడారంలో ఎముకల మంద మధ్య
గోధుమరంగుది, నాలుగు కన్నాలది,
మేస్తోంది.

గొంతు దగ్గర చలి దూరిపోతుండగా
వరండా లేని ఆ తెల్లటి లోకంలోకి నడిచి
ముందు ఆవుల్ని లెక్కపెట్టాను.
మూడు.
బొత్తంతో నాలుగు.