పోగంత

ఐదు ఫ్లాపీలు తెచ్చింది చిలువేరు జగదాంబ
పుట్టపాక నుంచి, పొద్దుగాల మొదటి బస్సుకు.
పాత తేలియా రుమాలు మడతల్ల పెట్టి తెచ్చింది.
రుమాలుకు నూనె వాసన ఇంక పోలే.
ఒక్కోదాని మీద ఇంకు పెన్ను రాత, సగం చెదిరి:
చాపు ఒకటి, చాపు రెండు, గడియారం, విమానం.
ఐదోదాని మీద ఏం రాసి లేదు.

చౌటుప్పల్‌ల నా దుకాణం హైవే పక్కనే.
లారీ పోయినప్పుడల్లా ట్రేలో స్క్రూలు కదుల్తయి.
ఆ చప్పుడులనే డ్రైవు మొదటిదాన్ని మింగింది,
గొంతుల ఎముక ఇరికినట్టు మూడుసార్లు దగ్గి
తెర మీద అడిగింది:
ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు. ఇప్పుడు చెయ్యాల్నా?

చదువు రానోడు చిట్టీని తిరగేసి మర్లేసి
ఇండ్ల ఏం లేదు, పొయ్యిల వెయ్యిన్రి అన్నట్టు.
వద్దు అని నొక్కిన.
ఈ పనిల నేను నేర్చిన మొదటి ముచ్చట గదే.

స్పిరిట్‌ల ముంచిన దూదితోని తల తుడిచిన.
దూదికి పదేండ్ల మసి అంటింది, రాత మాత్రం రాలే.
కేబులు మార్చిన.
మా చెల్లె షాదీ కార్డు ఉన్న ఫ్లాపీ పెడితే
గడగడ చదివింది, బంగారమసొంటి డ్రైవు.
ఇంకోటి పెట్టిన. అటక మీది మూడోది దింపిన.
జగదాంబ డిస్కులకు మూడింటిదీ ఒక్కటే జవాబు.
రేకు జరిపి ఎండకు పట్టిన:
గోధుమరంగు పొర మీద బూజు లేదు, గీత లేదు.

"పెద్దమ్మా, ఇవి ఏ మిషన్ల రాసిన్రు?"

"సొసైటీల ఒక్కటే ఉండె, బిడ్డా జహీరూ.
ఆర్నెల్ల ట్రైనింగు. నేను గళ్ళు నింపేదాన్ని,
ఒక్క గడికి ఒక్క ముడి.
ఆ డబ్బా మా డిస్కులతోని మంచిగనే ఉండేది గని
పట్నం సారు డిస్కు పెడితే మూతి ముడిచేది."

గప్పుడు తెలిసింది. తప్పు చదువుడుల లేదు,
రాసుడుల ఉన్నది.
ఆ మిషను తల వెంట్రుకవాసి పక్కకు జరిగి
ఏండ్లకేండ్లు బాట అంచునే నడిచింది.
దాని వంకర దానికి సక్కగనే కనవడ్డది.
ఇగ అది ఏ ఇనుపసామాను బండ్ల పోయిందో.

మంచి డ్రైవును చెడగొట్టాలె. ఇంకో తొవ్వ లేదు.

మోటారు స్క్రూలు రెండు వదులు జేసి తిప్పుతుంటే
ఆమె స్టూలు దగ్గరికి గుంజుకుంది.
కండ్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకొని
చెవితోని చూసింది.
"ఎక్కువైంది. ఎన్కకు.
ఇంక పోగంత.
ఉహూ, నువ్వు తాడంత జరిపినవ్. నేనన్నది పోగంత."

ఎదురు చెప్పలే.
అద్దకానికి ముందే, తెల్లనూలు మీదనే
రేపటి పువ్వు యాడ విచ్చుకుంటదో
ముడేసి చెప్పిన చేతులు అవి.

దగ్గు ఆగింది.

విమానం వచ్చింది. గడికి గడి, ఎరుపు నలుపు,
ఎడమ రెక్క కింద ఒక్క గడి తప్పి.
"నా తప్పే," అన్నది, మందల తన మేకను పోల్చుకున్నట్టు.
"ఆ దినం నాకు జరం."
సరిచెయ్యమంటవా అంటే చెయ్యి అడ్డం పెట్టింది.

గడియారం ముండ్లు లేకుంట సగమే దిగింది.
చాపు ఒకటి మొత్తం వచ్చింది, రెండోది మొరాయించింది.
పేరు లేని ఐదోదానికి మళ్ళ అదే ప్రశ్న.
ఈసారి మిషను నిజమే చెప్తున్నదేమో.
అయినా వద్దే నొక్కిన.

ఆమె పోయినంక షాదీ కార్డు పెట్టి చూసిన.
ఏం లేదు, ఫార్మాట్ చెయ్యాల్నా అని అడిగింది.
నేను స్క్రూలు అట్లనే బిగిచ్చి,
పని నేర్వ వచ్చే పిలగాడు చెయ్యి వెడ్తడని
డ్రైవు మీద చిట్టీ అంటిచ్చిన:
ఇది పుట్టపాకది. సక్కగ జెయ్యొద్దు.