తవుడు బేరం

కాశీనగరం బస్టాండు వెనక
మూడో సందులో
రేకు తలుపు కొట్టడం ఇది నాలుగోసారి.
సంచిలో ముప్పై గళ్ళ రిజిస్టరు,
నిండినవి పదకొండు.
వంశధార మీంచి వచ్చే గాలి
పేజీలు తిప్పి తిప్పి
ఖాళీవే చూపిస్తోంది.

తవిటినాయుడు లోపలే ఉన్నాడు.
గడప దగ్గర చెప్పులున్నాయి,
ఒకటి బోర్లా.

"మల్లీ వొచ్చినావేటి బావూ," అంది అసిరమ్మ
చేటలో ఉలవలు చెరుగుతూనే.
"ఆడికి జీపోడు ముప్పై ఏలు ఇచ్చీసినాడు.
ఇంటి మీద రేకులు సూడు,
అయ్యే ఆ డబ్బులు."

చూశాను.
ఇంకా స్టిక్కరు ఊడని కొత్త రేకులు.
ఎండలో వాటివంక ఎంతోసేపు చూడలేం.

నా దగ్గరున్న పని
బోరింగుల మరమ్మతు. ఆరు నెలలు నేర్పుతారు.
పద్దెనిమిది ఊళ్ళ పంపులు, ఒక పాత ఆటో,
రెంచీల పెట్టె, శనివారం శనివారం కూలి.
అడ్వాన్సు లేదు.
ఈ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ
నా గొంతు తగ్గుతుంది.

ఫారం ఒడియాలో ఉంది, తెలుగులో చదివాను.
పేరు. తండ్రి పేరు. చదువు ఎక్కడ ఆగింది.
ఆ కింద ఒక గడి:
ప్రమాదంలో ఉన్న యువకుడా?

అప్పుడొచ్చాడు బయటికి,
మీసం ఇంకా తేల్చుకోని మొహంతో.
"అందులో ఏటి రాస్తావు నాకు?
నానేటి దొంగనా? గంజాయి మోసినానా?"
మోశాడని సందంతా తెలుసు.
ఒక్కసారి, మోహన నుంచి బరంపురం దాకా,
స్కూలు సంచిలో.
పెన్ను జేబులో పెట్టేశాను.

అసిరమ్మే అందుకుంది.
వీడికి ముందు ముగ్గురు పోయారట,
పురుటి మంచం దిగకుండానే.
నాలుగోవాణ్ణి ఇదే చేటలో పడుకోబెట్టి
పక్కింటి గవరమ్మకి ఇచ్చేసి
కుంచెడు తవుడు కొలిచి మళ్ళీ కొనుక్కుంది,
చావొచ్చి అడిగితే
తవుడుకొచ్చినోడు, నీకెందుకే అనడానికి.
"అది మోసపోనాది," అంది చేట తడుతూ.
"జీపోడు మోసపోనేదు.
సూసిన యెంటనే ధర కట్టీసినాడు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వాడు వాడు.

ఏం చెప్పాలో దారిలో అనుకునే వచ్చాను,
పథకం, సర్టిఫికెట్టు, భవిష్యత్తు.
ఏదీ నోటికి రాలేదు.
కుడి బొటనవేలు చాపాను.
చూశాడు. అక్కడేమీ లేదు.
హైదరాబాదు అవతల రెండు సీజన్లు
ఇటుకలు మోస్తే గీతలు అరిగిపోయాయి.
రేషను కొట్లో మెషిను
నన్ను ఇప్పటికీ నేనని ఒప్పుకోదు.
నా బియ్యం మా నాన్న వెళ్ళి తెస్తాడు.

తవిటినాయుడు తన వేలు చూసుకున్నాడు,
చూసుకోనట్టు.
"మరి రేకులో?" అన్నాడు.

ఫారంలో దానికి గడి లేదు.

తిరిగొస్తుంటే సందు మొదట్లో
ఎవరో బోరింగు కొడుతున్నారు.
పొడిదగ్గు లాంటి చప్పుడు, నీళ్ళు లేవు.
వెనకనుంచి వాడి గొంతు:
"వాచరు పోనాది దానికి.
తోలుది ఎయ్యాల, రబ్బరుది ఆగదు."
ఎలా తెలుసని అడగలేదు.
అడిగితే ఆపేస్తాడేమోనని.

సోమవారం పొద్దున్న
జీపు జంక్షన్‌లో ఆగింది. ఏడుగురు ఎక్కారు.
ఎనిమిదోవాడి కోసం హారను మోగింది, మోగింది.
నేను షెడ్డు ముందు పెట్టె తెరిచి
ఎటూ చూడకుండా రెంచీలు లెక్కపెట్టాను,
పన్నెండో నంబరు రెండుసార్లు.

అసిరమ్మ వచ్చింది,
నెత్తిమీద ఒక రేకు.
జీపు బానెట్ మీద దభీమని దించింది.
"ఇదిగో."
"మిగతా డబ్బో?" అన్నాడు జీపువాడు.
"శనివారం శనివారం."

వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.
చివరికి నోటు పుస్తకం తీశాడు,
సిరా డబ్బా తీశాడు.

నేను పన్నెండో పేరు రాసుకున్నాను.
ఆ గడి అలాగే వదిలేశాను.

జీపువాడి పుస్తకంలో, బాకీ కింద,
తవిటినాయుడి వేలిముద్ర
ఎంత చక్కగా పడిందో,
గీతకి గీత.