ముప్పై ఏడో గది

క్లాక్స్‌విక్ రేవులో మూడు రోజులుగా
పడవలకు పేర్లు లేవు.
పడవలున్నాయి, ఇనుప పొట్టలు గోడకి రాసుకుంటూ.
ఐసుంది, సాల్మన్ చేపలున్నాయి, తూకం ఉంది.
చీటీ మీద పడవ పేరుండాల్సిన చోట మాత్రం
తెల్లగా, ఉతికి ఆరేసినట్టు, ఏమీ లేదు.

"నీ ప్రోగ్రామే కదా," అన్నాడు గోదాము రూనీ
రబ్బరు తొడుగులు విప్పకుండానే.
అవును, నాదే.
శుక్రవారం సాయంత్రం మార్చింది నేనే.

ప్రతి పెట్టెకీ ఒక గుర్తు పుట్టాలి,
మరే పెట్టెకీ లేని గుర్తు.
సి భాషలో దానికో లైబ్రరీ ఉంది.
అడిగితే చాలు, పదహారు బైట్లు దోసిట్లో పోస్తుంది.
ఎవరి అనుమతీ అడగదు, ఏ రిజిస్టరూ తిరగెయ్యదు.
ఈ సముద్రంలో ఇప్పటిదాకా పట్టిన చేపలన్నిటికీ
తలకొకటి పంచినా
రెండు గుర్తులు ఒకటి కావడమంటే
నిరుడు కురిసిన చినుకే మళ్లీ వచ్చి
అదే కనురెప్ప మీద పడటం.
అంత పెద్ద లెక్కని నమ్మి నిద్రపోయాను.
తప్పు అక్కడ లేదు.

ఈ కోడు మొదట రాసింది హోగ్ని.
ఆయన గుర్తులు గడియారంలోంచి పుట్టేవి,
వేళా, కంప్యూటరు నెట్‌వర్కు కార్డు నంబరూ కలిపి.
పాత పెట్టె గుర్తొకటి విప్పి చూశానొకసారి.
లైబ్రరీలో దానికీ ఒక ఫంక్షనుంది.
పోపు క్యాలెండరు దిద్దిన పదిహేనువందల ఎనభై రెండు నుంచి
క్షణాన్ని కోటి ముక్కలు చేసి లెక్కపెట్టుకుంటూ వచ్చి
చెప్పింది:
రెండువేల ఆరు, ఫిబ్రవరి, తెల్లవారుజాము మూడూ పది.
చివరి పన్నెండు అంకెలూ
కిటికీ పక్కన ఆయన వాడిన బూడిదరంగు డబ్బావి.
ఆ డబ్బా ఎప్పుడో తుక్కయింది.
ఆ చేపని ఎవరో ఎప్పుడో తినేశారు.
హోగ్ని మేలుకున్న రాత్రి మాత్రం
ఖాళీ పెట్టె మెడలో ఇంకా వేలాడుతోంది.
ఎవరి ఉత్తరమో చదివినట్టు సిగ్గేసింది.
అందుకే మార్చాను,
ఎవరి రాత్రీ కనపడని
మొహంలేని అంకెల్లోకి.

ఫోను చేస్తే కొండమీదున్నాడు.
ముందు గాలి ఎత్తింది, తర్వాత ఆయన.
జూను చివర, గొర్రెపిల్లలకి చెవులు గుర్తేసే రోజులు.
"ఎంత చోటిచ్చావ్?"
"ముప్పై ఆరు."
అక్షరాలు ముప్పై రెండు, అడ్డగీతలు నాలుగు,
వేళ్ల మీద కూడా లెక్క సరిపోయింది.
ఆయన నవ్వలేదు.

"గుర్తు ఎక్కడ మొదలెట్టాలో పసిపిల్లలకీ తెలుసు, మార్యున్.
కత్తి ఎక్కడ ఆగాలో నేర్చుకోడానికే
నాకు పదేళ్లు పట్టింది.
గోరంత ఎక్కువ తెగిందా,
నీ గొర్రె పక్కింటిదైపోతుంది."
వెనక ఏదో పిల్ల అరిచింది. లైను తెగింది.

ఆగాలి.
అక్షరాలు అయిపోయాయని చెప్పడానికి
చివర ఒక సున్నా కావాలి.
ఆ సున్నాకీ పడుకోడానికి గది కావాలి,
ముప్పై ఏడోది.
నేను కట్టలేదు.
చోటులేని సున్నా వానలో నిలబడుతుందా,
పక్కింట్లోకి నడిచింది.
పక్కింట్లో ఉన్నది పడవ పేరు.

లోమూర్ అనే పడవ,
మొదటి అక్షరం మీద కూర్చుంది సున్నా.
మిగతా అక్షరాలు ఎక్కడికీ పోలేదు,
ఉన్నవి ఉన్నట్టే
మూడు రోజులుగా చీకట్లో నిలబడున్నాయి
ఎవరైనా పిలుస్తారేమోనని.
గుమ్మంలో సున్నా కనపడితే
లోపలికి తొంగిచూసే అలవాటు
సి భాషకి లేదు.

ఆరు చెరిపి ఏడు రాశాను.
కంపైలరు ఏమీ అనలేదు.
శుక్రవారమూ ఏమీ అనలేదు.

రూనీ చీటీ చింపి, వెలుతురుకి పట్టి
"లోమూర్" అని గట్టిగా చదివాడు,
పడవకి వినపడాలన్నట్టు.

శనివారం నేనూ కొండెక్కాను.
హోగ్ని కత్తి నా చేతికివ్వలేదు,
పిల్లని పట్టుకోమన్నాడు.
వేళ్ల మధ్య చెవి వెచ్చగా, పల్చగా,
లోపల నెత్తురు పరుగు.
కత్తి దిగింది. ఆగింది.
అది ఆగిన చోటికి అవతల
కొయ్యని చెవి
ఇంకా కొంచెం ఉంది.