ఇద్దరు చాలు

టానరీ రోడ్డులో తోళ్లు నానేసే తొట్ల పక్కన
గురప్ప మామ కాళ్లు పెరిగాయి.
తంగేడు చెక్క రసంలో ఊరి ఊరి
మడమలు బంతి కంటే గట్టి.
బూట్లు అక్కర్లేదనేవాడు.
కొనలేడని అమ్మ పైకి అనేది కాదు.

దండులో టాటర్సాల్ అని ఒక కార్పొరల్.
పటాలంలో చేరకముందు వాళ్ల దేశంలో
ఏదో మగ్గాల ఊరి జట్టుకి ఏడేళ్లు ఫుల్‌బ్యాక్.
వారానికి నాలుగు పౌండ్లు, ఆడినందుకు!
దుబాసీని నమ్మక మామ రెండుసార్లు అడిగించాడట.
ఇక్కడ ఆడితే సగం రోజు కూలి కోత.

ఆ దొరే నేర్పాడు
పరిగెత్తకుండా ఆపడం.
వాళ్లు బంతి అందించే రెప్పపాటు ముందు
నువ్వు ఒక్క అడుగు ముందుకెయ్.
నీ వెనక మిగిలింది మనవాళ్లిద్దరే,
ముగ్గురుండాలి.
ఈల.

గుమ్మం దాటినంత తేలిగ్గా ఒక్క అడుగు.
తొమ్మిదేళ్లు పటాలాల ఫార్వర్డులు అందులో పడ్డారు.
ఎర్రబడ్డ మొహాలతో రెఫరీ మీద అరుస్తుంటే
మామ నిక్కరు ముడి బిగించుకుంటూ
ఎటో చూసేవాడట,
ఎండేసిన తోలు ఆరిందా అన్నట్టు.

ఇరవై ఐదులో, వానలప్పుడు,
సీమ నుంచి ఒక కాగితం దిగింది.
ముగ్గురు అక్కర్లేదు. ఇద్దరు చాలు.

వచ్చిన ఆదివారం మామ అడుగేశాడు.
ఈల రాలేదు.
తిరిగి చూస్తే
మీసం రాని సోల్జరు ఒకడు, బంతితో ఒంటరిగా,
తప్పు చేస్తున్నవాడిలా తడబడుతూ తన్నాడు.
లోపలికే పోయింది.
మళ్లీ అడుగు. మళ్లీ గోలు.
బుర్రకి తెలిసింది కాలికి చెప్పేదెవరు?
అడగడానికి టాటర్సాల్ లేడు,
కిందటేడే ఓడెక్కాడు.
ఐదు గోళ్లు.

ఆట మానేశాడని అందరూ అనుకుంటారు.
లేదు. ముప్పై మూడేళ్లకి
పరిగెత్తడం నేర్చుకోబోయాడు.
సరిగా రాలేదు. రెండేళ్లు అట్లాగే ఆడాడు.

నాకు తెలిసిన మామ
యుద్ధం రోజుల్లో రేషన్ క్యూలో ఉన్నాడు.
సంచి పట్టుకుని నేను వెనక.
ఎవడైనా పక్కనుంచి దూరబోతే
మామ ఒక్క అడుగు ముందుకేసి
ఆగి,
చెవి రిక్కించేవాడు.

ఒక్కోసారి దండు స్టేషన్‌లో రైలు కూసేది.
అప్పుడు చూడాలి ఆయన మొహం.

దూరినవాడు మాత్రం
మా వంతు పంచదార పట్టుకుపోయేవాడు.