నడుముముడి

పోర్తోలో వాన ఏటవాలుగా కొడుతోంది.
ఇక్కడ, నేల కింది గదిలో, వానా లేదు కిటికీ లేదు.
సాయంత్రం ఏడింటికి పగలు ఆరిపోతుంది,
చిట్టెలుకల కోసం మేం నడిపే పగలు.

నేను ఫిలొమెనాని. తొమ్మిదితో చదువు ఆపేశాను.
ఏ తోక చల్లబడిందో, ఏ బొచ్చు రేగిందో
నా చేతులకి తెలుసు.

డాక్టర్ జసింతా ఓ రోజు
మేత సంచీ అట్ట మీద గీసి చెప్పింది:
క్రోమోజోమ్ అంటే పొడుగాటి తాడు,
దాని నడుమున ఒక ముడి.
కణం రెండయ్యే వేళ
ఆ ముడి పట్టుకునే చెరోవైపుకీ సమంగా లాగుతారట.
వీటిలో మేమే కత్తెర పెట్టాం, అంది.
తెగిన ముక్క తన కొసలు తనే కలుపుకుని
గుండ్రంగా చుట్టుకుంది. దానికి ముడి లేదు.
ఎటు కొట్టుకుపోతే అటే.
ఒక పిల్లకణానికి నలభై, ఇంకోదానికి మూడు.
నలభై దక్కింది బలుస్తుంది.
బలిసిందే గడ్డవుతుంది.

నాకది పాఠంలా వినిపించలేదు.
నాన్న పోయాక పడవ పంచుకున్న రోజు:
ఇంజను పెద్దన్నకి, వలలు చిన్నన్నకి,
నాకు గాజు పగిలిన లాంతరు.

గాజుపళ్ళేల్లో పెంచితే సరిపోదా అని అడిగాను.
పళ్ళేనికి రక్తం ఉండదుగా, అంది.
ఒంట్లో ఇది మొదలయ్యే రోజు చూడాలి,
మందు పెడితే ఎక్కడ నక్కుతుందో చూడాలి.

మందు పెట్టారు. ఆరోవారానికి గడ్డ వేలిగోరంత అయింది.
కేకు కోశారు.
పదోవారం నేను నాలుగువందల పదిహేడుని ఎత్తినప్పుడు
పక్కటెముకల కింద మళ్ళీ తగిలింది, శనగగింజంత.
ఎవరికీ వెంటనే చెప్పలేదు.
ఎడమచెవికి గాటున్న ఆడది అది,
దూది తెచ్చిస్తే గూడు చుట్టుకునేది.

తర్వాత రాశాను, నంబరూ తేదీ బరువూ.
గాలి మెల్లగా మార్చే డబ్బాలోకి నేనే దించాను.
కొత్తవాళ్ళయితే గట్టిగా పట్టుకుంటారు.

మైక్రోస్కోపులో చూడమంది జసింతా.
నీలంగా తాళ్ళు,
వాటి చుట్టూ పచ్చటి చుక్కలు, లెక్కకి అందనన్ని.
మతోజిన్యుష్ రేవు బయట రాత్రిపూట వేటకెళ్ళే పడవలు
ఇలాగే ఉంటాయి,
ఏ గుంజకీ కట్టనివి.

అందంగా ఉన్నాయని నోరు జారాను.
ఆమె ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంది.

రేపు ఏడింటికి పగలు వెలిగించాలి.
మూడో అరలో నీళ్ళ సీసా కారుతోంది.