పదిహేడో ఉత్తరం

గ్రాట్స్‌లో ఆదివారపు పాతసామాన్ల సంతలో
తుప్పు పట్టిన కాఫీ మర పక్కన
చెప్పుల పెట్టెలో దొరికాడు నాకు
కెప్టెన్ ఓట్మార్ ప్లాంక్.

పన్నెండేళ్లుగా అతణ్ణి కొంటున్నాను
ఒక్కో కాగితంగా, పింఛను డబ్బుతో.
"ఆ చచ్చినాయనకి ఇంకా జీతమిస్తున్నావా"
అంటుంది మా ఆవిడ రోజ్వితా.

అన్నీ తల్లులకు రాసినవే.
అన్నిట్లో అదే వాక్యం, అవే వాలు అక్షరాలు:
"మీవాడు బాధపడలేదు. క్షణంలో పోయాడు."
పదహారు మంది కుర్రాళ్లు,
అందరికీ కలిపి ఒకటే క్షణం.

మొన్న లుబ్లియానా నుంచి వచ్చింది పదిహేడోది.
పెన్సిలు రాత. ఇసోంజో ఒడ్డు, అక్టోబరు.
"మీవాడు బాధ" దాకా వచ్చి
కాగితం చిరిగేలా కొట్టేశాడు.
కింద, వేరెవరి చెయ్యో అన్నంత వంకరగా:
"తెల్లారేదాకా అమ్మా అంటూనే ఉన్నాడు.
చీకట్లో నేనే ఊఁ కొట్టాను."

నాలుక తగలని కవరు జిగురు
ఇంకా మెరుస్తోంది.
పంపలేదు.

భూతద్దం కింద చిరునామా చదివాను:
క్రెసెంట్సియా హోల్ట్సర్, లైబ్నిట్స్ దగ్గర ఏదో మిల్లు.
ఇక్కణ్ణించి రైల్లో ఎంతో దూరం లేదు.
వందేళ్లు దాటింది, అక్కడెవరుంటారు?

ఆల్బంలో పదిహేడో జేబు ఖాళీగా ఉంది.
రోజ్వితా ఏమీ అనలేదు,
కోటు గుండీలు పెట్టుకుంటూ
రైలెన్నింటికని అడిగింది.